బేరం లేని చీర

బట్టల కంపెనీ కొట్లలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు కొందరు సాయంత్రం పూట మా అరుగు మీదకొచ్చి కూర్చుంటారు. "ఇన్నేళ్ళు ఒకే కంపెనీలో ఎలా నెగ్గుకొచ్చారండీ?" అని అడుగుతారు. వాళ్ళు వినాలనుకునేది నా గొప్ప. నాకు చెప్పాలనిపించేది నా తెలివితక్కువతనం. ఆ తెలివితక్కువ పని నుంచి నన్ను బయట పడేసిన మనిషి గురించి కంపెనీ కాగితాల్లో ఒక్క ముక్క లేదు. అందుకని కళ్ళు ఆనుతుండగానే నేనే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. నా పేరు రాయకుండా తప్పించుకోవాలంటే మిగతావాళ్ళవీ రాయకూడదు కదా.

ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వి, పడవలు తిరగటం మొదలైన రోజుల మాట ఇది. కంపెనీలో చేరకముందు నాలుగేళ్ళు నేనొక బట్టల వర్తకుడి దగ్గర పని చేశాను. ఆయన కొట్టు ఆయన మూటే. యానాం దిగువన, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉన్న పల్లెలన్నీ కాలినడకన తిరిగేవాడు. పల్లెల్లో ఆడవాళ్ళు ఆయన్ని మూటాయన అనేవారు. నేను బాబాయిగారూ అనేవాణ్ణి, చుట్టరికం ఏమీ లేకపోయినా.

వలలు ఆరేసే చోట ఒక తాటాకు పందిరి కింద మూట విప్పేవాడు. విప్పాక ఒక్క చీర అమ్మటానికి సగం పూట పట్టేది. ఆయనొక ధర చెబుతాడు. ఆవిడ నవ్వుతుంది. ఆయన మూట కట్టేస్తాడు. ఆవిడ వెనక్కి పిలుస్తుంది. ఈయన మళ్ళీ విప్పుతాడు. ఈ మధ్యలో ఎవరి వల చిరిగింది, ఎవరి కోడలికి నెల తప్పింది, ఎవరి మొగుడు జ్వరంతో పడుకున్నాడు, అన్నీ అయిపోతాయి. ఆఖరికి ధర కుదిరాక కొసరు కింద పసివాడి టోపీకి సరిపడా గుడ్డ ముక్క చించి ఇవ్వాలి. నేను పక్కన కూర్చుని ఆవలిస్తూ, ఇంత పొద్దు ఎందుకు తగలేస్తాడీ మనిషి అనుకునేవాణ్ణి.

ఆ మూటలో ముఖ్యమైన సరుకు ఒక ఎర్రచీర. ముతక నూలు, దగ్గర నేత, చిరివేరుతో అద్దిన రంగు. వెడల్పు తక్కువ, మోకాలి కిందకి కొద్దిగా దిగుతుంది. చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని ఉప్పునీళ్ళలో దిగి నడిచే ఆడదానికి అలాంటి చీరే కావాలి. దాన్నీ, మూటలో మిగతా బట్టనీ రెండు మైళ్ళ అవతల నేతపేటలో పది మగ్గాలవాళ్ళు ఈయన కోసమే నేసేవారు. ఈయన పల్లెల్లో విన్నది వాళ్ళకి చెప్పేవాడు, వాళ్ళు అంచు మార్చేవారు, పొడుగు పెంచేవారు. పది కుటుంబాల బతుకు ఆ మూట మీద ఉండేది.

మూట అడుగున ఇంకో చీర ఉండేది. విడిగా ఒక పాతగుడ్డలో చుట్టి ఉండేది. దాన్ని ఎప్పుడూ పైకి తీసి చూపించేవాడు కాదు. ఏ రెండు నెలలకో ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు వచ్చేవారు. అప్పుడు నాతో, "అబ్బాయ్, వెళ్ళి మంచినీళ్ళు తాగిరా" అనేవాడు. నేను దూరం నుంచి చూసేవాణ్ణి. చీర తీసి చేతిలో పెడతాడు, వాళ్ళు తీసుకుని వెళ్ళిపోతారు. బేరం లేదు, నవ్వు లేదు, కొసరు లేదు. ఒక్కసారి చుట్టు విప్పి చూశాను. తెల్లనూలు చీర, ఒక పక్క సన్నటి నల్లగీత, అంతే. ఇంత సాదా చీరని బేరం ఆడకుండా పట్టుకుపోతున్నారంటే దీనికి ఎంత గిరాకీ ఉండాలి అనుకున్నాను. పెద్దాయన వ్యాపార రహస్యం కనిపెట్టేశానని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

అప్పుడు కంపెనీ వచ్చింది. ఇంగ్లీషు సీమ నుంచి స్టీమర్ల మీద బట్ట కాకినాడలో దిగటం, అక్కడి నుంచి పడవల మీద కాలవల వెంట ఊళ్ళకి రావటం. కాలవ మీద లాకు ఉన్న ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఒక కొట్టు. అన్నిటికీ ఒకటే రకం పెంకుల కప్పు, ఒకటే రకం బోర్డు, ఒకటే ఇనప గజంబద్ద. ప్రతి తాను మీదా ధర రాసిన చీటీ. ఆ ధర కాకినాడలో ఎంతో మా ఊళ్ళోనూ అంతే. బేరం లేదు, కొసరు లేదు. చదువు రాని ఆడదాన్ని మోసం చేసే వీలు లేకుండా ఈ పద్ధతి పెట్టామని కాకినాడలో ఉండే కంపెనీ దొర చెప్పాడట. అందులో అబద్ధం లేదు. బట్ట కూడా చవక. చలికాలంలో పిల్లలకి చొక్కా గుడ్డ లేని ఇళ్ళలో కూడా ఆ కంపెనీ బట్ట కనపడింది. ఆ మాట నేను దాచను. మా అమ్మా, నలుగురు తమ్ముళ్ళూ నెలనెలా నా జీతం మీదే తిన్నారు, అదీ దాచను. కంపెనీ పెట్టిన అన్నానికి ఇవాళ్టికీ నాకు కృతజ్ఞత ఉంది.

చేరతానని చెప్పటానికి వెళ్ళినప్పుడు బాబాయిగారు తిడతారనుకున్నాను.

"మంచిదేరా. ఎండన పడి తిరిగే బాధ తప్పుతుంది. మీ అమ్మకి ధైర్యంగా ఉంటుంది" అన్నాడు.

"మరి మూట మోయటానికి మీకు..."

"మూట తేలికయిపోతోందిలే. నేనొక్కణ్ణే మోస్తాను."

నిజంగానే తేలికయింది. రెండేళ్ళలో పంచెలు పోయాయి, రవికల గుడ్డలు పోయాయి, పిల్లల బట్టలు పోయాయి. అన్నీ కంపెనీ కొట్లోనే. నేతపేటలో పది మగ్గాల్లో నాలుగు ఆగిపోయాయి. ఆ నాలుగిళ్ళ మగవాళ్ళు కాలవ పూడికలు తీసే కూలికి వెళ్ళారు. మిగిలిన ఆరూ ఎర్రచీర మీద నడుస్తున్నాయి. అలాంటి చీర సీమ మరలకి తెలీదు కాబట్టి నడుస్తున్నాయి.

ఆ సంగతి మా పెద్దగుమాస్తాకి తెలిసిపోయింది. ఆయన చెన్నపట్నం మనిషి. తెల్లటి తలపాగా, చేతికి ఇంకు అంటనివ్వడు. ఒకరోజు నన్ను పిలిచి, "ఈ పల్లెల్లో ఆడవాళ్ళు మారు మాట్లాడకుండా కొనే చీర ఏదోయ్? నమూనా పంపమని కాకినాడ నుంచి ఉత్తరం వచ్చింది. అదే చీర సీమలో నేయిస్తారట. సరిగ్గా పంపినవాడికి ప్రమోషన్" అన్నాడు.

ఎర్రచీర పంపితే ఆ ఆరు మగ్గాలూ ఆగిపోతాయని నాకు తెలుసు. అంత పాపం చెయ్యలేదు, అంతకంటే తెలివైన పని చేశాననుకున్నాను. మారు మాట్లాడకుండా కొనేది ఏదో నాకొక్కడికే తెలుసు కదా! ఎర్రచీర బతుకుతుంది, కంపెనీ బాగుపడుతుంది, నాకు ప్రమోషన్ వస్తుంది.

నేతపేటకి వెళ్ళాను. చివరింటి ఆవిడని ఆ తెల్లచీర ఒకటి ఇమ్మని అడిగాను. బాబాయిగారు తెమ్మన్నారని చెప్పాను, అదొక అబద్ధం.

"ఏ ఊరికి బాబూ?" అంది.

నోటికొచ్చిన ఊరి పేరు చెప్పాను.

"అయ్యో, పాపం" అని కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి తెచ్చింది. పొయ్యి పొగ కళ్ళలో పడిందనుకున్నాను. ఆ ఊరు దూరం కదా, నడవాలని నా మీద జాలి పడిందేమో అని కూడా అనుకున్నాను. మనిషి ఇంతకంటే మొద్దుగా ఉండటం సాధ్యమా అని మీరు అడగవచ్చు. నేనూ చాలాసార్లు అడుక్కున్నాను.

ఆ చీరే నమూనాగా సీమకి వెళ్ళింది, ఎనిమిది నెలలకి అలాంటి చీరల బేళ్ళు వచ్చాయి. సీమవాళ్ళ పనితనం చూడాలి, నల్లగీత వెంట్రుక వాసి తేడా లేకుండా దించేశారు. పెద్దగుమాస్తా పొంగిపోయి, "కాలవ మీద పోయే పడవలకి కూడా కనపడాలి" అని కొట్టు ముందు వసారాకి ఈ చివర నుంచి ఆ చివరకి తాడు కట్టించాడు. నేనే నా చేతులతో నలభై చీరలు వరసగా ఆరేసినట్టు వేలాడదీశాను. పొద్దున్నే మంచి గాలి వేస్తోంది. చీరలన్నీ రెపరెపలాడుతుంటే నాకు ప్రమోషన్ కాగితమే రెపరెపలాడినట్టుంది.

ముందురోజు వేటకి వెళ్ళిన పడవలు ఆ గాలి వల్ల ఇంకా తిరిగి రాలేదని నాకు తెలీదు.

చేపలు అమ్ముకునే ఆడవాళ్ళు ఇద్దరు ముందొచ్చారు. లాకు వంతెన మీద ఆగిపోయారు. ఒకామె బుట్ట కింద పెట్టేసి వెనక్కి పరుగెత్తింది. కాసేపటికి ఇరవై మంది, ఇంకాసేపటికి వందమంది. గట్టు నిండిపోయింది. నేను పెద్దగుమాస్తా వైపు గర్వంగా చూసి, మెట్లు దిగి, "రండమ్మా రండి, తోసుకోకండి, అందరికీ ఉన్నాయి, ఒకటే ధర!" అని కేకేశాను.

ఒక్కళ్ళూ కదల్లేదు. ముందు వరసలో ఒక ముసలావిడ ఉంది. చేపలగంపలు మోసి మోసి మెడ పక్కకి ఒరిగిపోయిన మనిషి. ఆ పల్లెల్లో ఆవిడ మాటకి ఎదురు లేదు. ఆవిడ తాడు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఎంతమందికిరా ఇవి?" అంది.

"అందరికీనమ్మా! ఇంకా లోపల బేళ్ళున్నాయి."

వెనక ఎవరో ఆడపిల్ల గొల్లుమంది. దాంతో గట్టు గట్టంతా ఏడుపు. ముసలావిడ దగ్గరకొచ్చి, అరవకుండా, నెమ్మదిగా చెప్పింది.

"మొగుడు పోయినదానికి పదో రోజున పుట్టింటివాళ్ళు పెట్టే చీర ఇది. మా మగాళ్ళు నీళ్ళ మీద ఉన్నారు. నిన్న రావాల్సినవాళ్ళు రాలేదు. మీరు మా అందరికీ తెచ్చి కట్టారా?"

మంచినీళ్ళు తాగిరమ్మని బాబాయిగారు నన్ను పంపటం, వచ్చినవాళ్ళు తల వంచుకుని ఉండటం, చివరింటావిడ కళ్ళు తుడుచుకోవటం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. వచ్చిన మగవాళ్ళు అన్నదమ్ములు. చెల్లెలికో అక్కకో ఆ చీర కొనేటప్పుడు ఎవడు బేరం ఆడతాడు?

"బేరం చెయ్యకుండా మేం కొనేది ఇదొక్కటేనయ్యా" అంది ముసలావిడ. "మీ కొట్లో ఏదీ బేరం చెయ్యనియ్యరంటే అప్పుడే మా మనసుకి అదోలా ఉండేది."

పెద్దగుమాస్తా లోపల్నుంచి, "ఏంటీ గోల? పోలీసులని పిలిపించమంటారా?" అని అరిచాడు. ఆ అరుపుతో వెనకనున్న ఆడవాళ్ళు ముందుకి వచ్చారు. ఎవరో మట్టిబెడ్డ విసిరారు. ఆ రోజు ఆ కొట్టు తగలబడి ఉండేదే. నన్ను ఏం చేసేవారో నేను చెప్పలేను, చేసినా తప్పనను.

అప్పుడు వంతెన మీద నుంచి బాబాయిగారు వచ్చారు. సంగతి ఎవరు చేరవేశారో తెలీదు. నెత్తిన మూట అలాగే ఉంది. మూట దించి, నన్ను దాటుకుని, వసారా ఎక్కి, ఆ చీరలు ఒక్కొక్కటే తీసి మడత పెట్టటం మొదలుపెట్టాడు. లాగి పారెయ్యలేదు. అంచు అంచుకి కలిపి, మామూలుగా ఎలా మడత పెడతాడో అలాగే. వందమంది చూస్తుండగా నలభై చీరలూ మడత పెట్టాడు. అంతసేపు ఏడుపు కూడా తగ్గింది. ఆ తరవాత ఆడవాళ్ళ ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"తప్పు నాదమ్మా. వీడు నా దగ్గర నాలుగేళ్ళున్నాడు. ఈ చీర ఏంటో నేను వీడికి చెప్పలేదు. చిన్నవాడికి అలాంటి మాట ఎందుకని దూరంగా పంపించేవాణ్ణి. చెప్పి ఉంటే ఈ పని చేసేవాడు కాదు. కొట్టాలంటే నన్ను కొట్టండి."

నేనాయన మూట తేలిక చేసినవాణ్ణి. ఆ మాట ఆయనకి తెలుసు, ఆ ఆడవాళ్ళకీ తెలుసు. ముసలావిడ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది.

"నువ్వు అన్నావు కాబట్టి వదిలేస్తున్నాను మూటాయనా" అని గట్టు మీదే కూలబడింది. మిగతావాళ్ళూ కూర్చున్నారు. అందరూ మొగ వైపు చూస్తూ కూర్చున్నారు. బాబాయిగారు వాళ్ళతో కూర్చున్నారు. నేనూ వెళ్ళి ఆయన వెనక కూర్చున్నాను. ఆరోజు ఇంక కొట్టు తియ్యలేదు.

పొద్దు వాలేవేళకి తెరచాపలు కనపడ్డాయి. ఒకటి, రెండు, నాలుగు... అన్నీ వచ్చాయి. ఒక పడవకి తెరచాప కొయ్య విరిగింది, ఒకడికి చెయ్యి బెణికింది, అంతే. పడవలు లెక్కపెడుతూ నేను ఏడ్చినంతగా ఆ గట్టు మీద ఎవరూ ఏడవలేదు. ఒక్క పడవ తగ్గినా ఆ ఊళ్ళలో నా పేరు ఎలా మిగిలేదో ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను.

నాలుగో రోజుకి కాకినాడ నుంచి దొర, ఆయన దుబాసీ వచ్చారు. పెద్దగుమాస్తా తప్పంతా నా నెత్తిన వేశాడు. న్యాయంగానే వేశాడు. ఆ బేళ్ళు ఏం చెయ్యాలన్నది వాళ్ళకున్న అసలు బెంగ. పల్లెల్లో ఆడవాళ్ళు ఆ కొట్టు మెట్లు ఎక్కటం మానేశారు మరి. ఎవరో చెబితే బాబాయిగారికి కబురంపారు. వస్తాడని నేననుకోలేదు. వచ్చాడు.

"ఈ ఆచారం ఈ ఏటి మొగ పల్లెల్లోదే. మెట్ట ఊళ్ళలో లేదు. తుని వైపు తీసుకెళ్ళండి. అక్కడ పొలం పనులకెళ్ళే ఆడవాళ్ళు మామూలుగా కట్టుకునే చీరే ఇది" అన్నాడు.

దుబాసీ ఇంగ్లీషులో చెప్పాడు. దొర ఊపిరి పీల్చుకుని, ఈ సలహాకి ఏం కావాలో అడగమన్నాడు. నేను పక్కన నిలబడి మనసులో దేవుడికి మొక్కుకుంటున్నాను. ఈయన కొట్లో ఒక ఉద్యోగం అడిగితే చాలు, ఈ వయసులో నెత్తిన మూట దిగుతుంది.

"రెండు కావాలండి. ఈ అబ్బాయిని పనిలోంచి తియ్యొద్దు. రెండోది, ఆ ఎర్రచీర నమూనా మాత్రం సీమకి పంపొద్దు. అదొక్కటీ మా నేతవాళ్ళకి వదిలెయ్యండి. మిగతావన్నీ మీరే అమ్ముకోండి."

దొర నవ్వాడు. అంత చిన్న చీర గురించా అన్నట్టు నవ్వాడు. ఒప్పుకున్నాడు. కాగితం రాయలేదు కానీ మాట మీద నిలబడ్డాడు. ఆయన మంచివాడే. పైగా కంపెనీయే ఆ ఎర్రచీరలు నేతపేట నుంచి కొని మా కొట్లో పెట్టేలా చేశాడు. కొన్నాళ్ళకి ఆగిన నాలుగు మగ్గాల్లో రెండు మళ్ళీ ఆడాయి. పెద్దగుమాస్తాని వేరే ఊరు వేశాక నన్ను ఆ కొట్టుకి పెద్దని చేశారు. ఆడవాళ్ళు మళ్ళీ రావటం మొదలుపెట్టారు. ఎర్రచీర ఒక్కదానికి చీటీ కట్టలేదు నేను. దానికి మాత్రం బేరం ఆడనిచ్చేవాణ్ణి, కాస్త కొసరు కూడా వేసేవాణ్ణి. ఆ కొసరు గుడ్డ నా డబ్బుతో కొనేవాణ్ణి కాబట్టి కంపెనీకి తెలిసినా ఏమీ అనలేదు.

అలా పదకొండేళ్ళు నడిచింది. ఎప్పటికీ అలాగే నడిచిందని చెప్పాలని ఉంది కానీ నడవలేదు. ఆ దొర సీమకి వెళ్ళిపోయాడు, కొత్తాయన వచ్చాడు. వచ్చీ రాగానే ఎర్రచీర నమూనా పంపమని నాకు ఉత్తరం రాశాడు. తగిన నమూనా దొరకలేదని జవాబు రాశాను. అలాంటి చీరలు నా వెనక అలమరలో దొంతర్లుగా ఉన్నాయి అప్పుడు. మళ్ళీ ఉత్తరం వచ్చింది. మళ్ళీ అదే జవాబు. మూడో ఉత్తరం నమూనా కోసం కాదు, నన్ను తుని బదిలీ చేస్తూ వచ్చింది. నా తరవాత వచ్చినాయన ఛార్జి తీసుకున్న మర్నాడే చీర కాకినాడకి పంపించాడని తెలిసింది. ఆయన్ని తప్పుపట్టను. ఆయనకీ పిల్లలున్నారు.

నేను పడవెక్కే రోజున బాబాయిగారు లాకు దగ్గరకి వచ్చారు. అప్పటికే మూట మానేశారు. రెండు కళ్ళకీ పొరలు కమ్మి మనిషి ఎదురుగా ఉన్నా మసకే. కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఆపలేకపోయాను బాబాయిగారూ" అన్నాను.

"ఎన్నాళ్ళు ఆపావురా?"

"నాలుగు నెలలండి. మహా అయితే."

"నాలుగు నెలలు తక్కువట్రా? చివరింటివాళ్ళ కోడలు మొన్ననే పురుడు పోసుకుంది. ఇంట్లో మగ్గం ఆడుతోంది కాబట్టి బాలింతకి నెయ్యేసి అన్నం పెట్టుకున్నారు. ఆపకపోతే ఏం పెట్టేవారు? వెళ్ళిరా. మీ అమ్మని అడిగానని చెప్పు."

లాకు తలుపులు తెరిచారు. పడవ కదులుతుంటే నేను రెండు చేతులూ ఎత్తి ఆయనకి దణ్ణం పెట్టాను. ఆయన ఇంకో వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. చూపు ఆనదని అప్పుడు గుర్తొచ్చింది. పడవలో జనం అందరూ తిరిగి చూసేలా, "బాబాయిగారూ, దణ్ణం పెడుతున్నానండీ!" అని గట్టు దాకా వినపడేట్టు అరిచాను.